నాలుగు తర్వాత

రికార్డింగు స్టూడియో తలుపు తోసుకుని లోపలికి వచ్చినాయన చేతుల్లో కుట్టుమిషను తలకాయ ఉంది.

"టైలరు షాపు కిందండీ," అన్నాడు సౌండ్ ఇంజినీరు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"తెలుసు బాబూ. ఇది బాగుచేసి అక్కడ ఇవ్వడానికే వచ్చాను. పనిలో పనిగా మెట్లెక్కాను." ఆయన మిషనుని నేలమీద మెల్లగా దించాడు. "మీ పాటలు ఒకసారి వినొచ్చా?"

గిటారిస్టు ఆయన్ని ఎగాదిగా చూశాడు. యాభై దాటి ఉంటాయి. గోళ్ళ నిండా నూనె నలుపు.

"ఇది రాక్ బ్యాండండీ. మీ వయసుకి తలనొప్పి వస్తుంది."

"రానీ బాబూ. పాటకి ముందు డ్రమ్ములాయన లెక్కపెడతాడంటగా, కింద టైలరు చెప్పాడు. ఆ లెక్క ఉన్న పాట వినాలి."

గిటారిస్టుకి ఒళ్ళు మండింది. మండదూ మరి. మూడు నెలలుగా ఆ గొడవతోనే చస్తున్నాడు.

ముగ్గురి బ్యాండు అది. ఆరేళ్ళు ఊరంతా తిరిగి వాయించాక మొదటి ఆల్బం. పాత గోదాములో ముగ్గురూ ఎదురెదురుగా నిలబడి రెండు రోజుల్లో ఎనిమిది పాటలు రికార్డు చేసుకున్నారు. మూడో రోజు పొద్దున బైకు మీద బయల్దేరిన డ్రమ్మరుని లారీ గుద్దేసి పోయింది. ముప్పావుగంట రోడ్డు పక్కన పడుండి అక్కడే పోయాడు. వచ్చేపోయే బళ్ళలో ఒక్కటీ ఆగలేదని పేపర్లో రాశారు.

మిగిలింది గిటారిస్టు, బేస్ గిటారు వాయించే అమ్మాయి. ఆమె డ్రమ్మరు చెల్లెలు. ఇప్పుడు ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఉన్నదున్నట్టు వదిలేద్దామంటుంది ఆ అమ్మాయి. కుర్చీ కిర్రుమన్నా, దెబ్బ తడబడినా, ప్రతి పాటకీ ముందు అన్నయ్య "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అన్నా, అన్నీ ఉండాలంటుంది. పాడటం రాని అన్నయ్య గొంతు ఆ ఆల్బం మొత్తంలో అక్కడే ఉంది.

ఇస్త్రీ మడతలా ఉంటేనే పాటల కంపెనీ విడుదల చేస్తుంది, లేకపోతే వాడితోపాటు వాడి పాటలూ మట్టిలో కలుస్తాయి అంటాడు గిటారిస్టు. ఎవరి ఏడుపు వాళ్ళది. పెత్తనం మాత్రం ఇతనిది.

"మిమ్మల్ని ఆ అమ్మాయి పంపిందా?"

"ఏ అమ్మాయి బాబూ?"

"ఏమీ ఎరగనట్టు అడక్కండి."

ఇంజినీరుకి జాలేసింది. పూర్తయిన మొదటి పాట పెట్టాడు. గిటారు ఒక్కసారిగా గుప్పుమంది. ముసలాయన కళ్ళు మూసుకున్నవాడల్లా తెరిచాడు.

"ముందు ఏమీ లేదేం?"

"కోసేశాం. దెబ్బలు కూడా కంప్యూటర్లో సరిచేశాం. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"కొయ్యనిది ఉందా?"

ఇంజినీరు గిటారిస్టు వైపు చూశాడు. పని బాగుందని పాటలవాళ్ళు సంతకం పెట్టాక, కొయ్యని పచ్చి రికార్డింగు ఉంచుకోవడం ఇంజినీరుకి అలవాటు లేదు. అలా ఉంచితే ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ మొదటికి తెస్తారు.

"ఉంది. సంతకం అయిపోయిందిగా, తీసేయనా?" అని అడిగాడు గిటారిస్టుని.

"ఒక్క నిమిషం బాబూ," అన్నాడు ముసలాయన. "డ్రమ్ములు వాయించిన ఆ అబ్బాయి గురించి ఒక మాట చెప్పాలి."

"మీరూనా?" గిటారిస్టు అరిచాడు. "పోయాక అందరూ చుట్టాలే. రోడ్డు పక్కన ముప్పావుగంట కొట్టుకున్నాడండీ వాడు. ఒక్క వెధవ ఆగలేదు. దాహమేసిందో, అమ్మని పిలిచాడో, ఎవరికి తెలుసు? వాడు ఎలా పోయాడో తెలీక నాకు మూడు నెలలుగా కంటిమీద కునుకు లేదు. ఈ ఊరి వాళ్ళకి మాత్రం ఇప్పుడు వాడి పాటలు కావాలి."

అది దుఃఖమే. కానీ ఎదుటివాడికి తిట్టులాగే తగులుతుంది.

ముసలాయన తెరిచిన నోరు మూసుకున్నాడు.

"తీసేయ్," అన్నాడు గిటారిస్టు.

"తీస్తే మళ్ళీ రాదు," అన్నాడు ఇంజినీరు.

"రాకూడదనే. అది ఉన్నంతకాలం ఆ పిల్ల నన్ను బతకనివ్వదు."

ఇంజినీరు మీట నొక్కాడు. తెరమీద నీలం గీత ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. అంతా కలిపి పది సెకన్లు పట్టలేదు.

"పోయిందా బాబూ?"

"పోయింది."

"అలాగా."

ఆయన మిషనుని ఎత్తుకుని, తలుపుకి తగలకుండా పక్కకి ఒరిగి, వెళ్ళిపోయాడు. కాసేపు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

"పాపం, కసిరి పంపావు," అన్నాడు ఇంజినీరు.

"నా బాధ నాది."

అరగంట తర్వాత చెల్లెలు వచ్చింది. రొప్పుతోంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. అయినా ఆ మొహంలో మూడు నెలల్లో కనపడని తేట ఏదో ఉంది.

"పచ్చి రికార్డింగు పెట్టండి. మొదటి పాట. ముందు నుంచి."

ఇంజినీరు కుర్చీ తెర వైపు తిప్పుకున్నాడు.

"నీతో గొడవకి రాలేదు," అంది గిటారిస్టుతో. "ఆస్పత్రిలో అన్నయ్య కాగితాల కోసం వెళ్తే, ఆరోజు వచ్చిన అంబులెన్సు డ్రైవరు కనపడ్డాడు. అన్నయ్య ఒంటరిగా పోలేదంట."

గిటారిస్టు లేచి నిలబడ్డాడు.

"ఒకాయన ఆగాడంట. తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పట్టాడంట. అన్నయ్య ఒకటి, రెండు, మూడు, నాలుగు అనడం, ఆగడం, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం, అంతేనంట. ఆయన కూడా కలిసి లెక్కపెట్టాడంట, ఊపిరి ఉన్నంతసేపూ."

"ఎవరాయన?"

"డ్రైవరు పేరు అడిగితే పేరెందుకులే బాబూ, కుట్టుమిషన్లు బాగుచేసుకునేవాణ్ణి అన్నాడంట, నాలుగు తర్వాత ఏమొస్తుందో ఆ అబ్బాయి తాలూకు వాళ్ళని అడగాలి అన్నాడంట."