భుజం మీద చెయ్యి

“వాడి మొహం మీద తెల్లరంగు కొట్టవయ్యా!” పార్టీ ఆఫీసులో అధ్యక్షుడు పెయింటర్ మీద అరిచాడు.

“మన నేల మనదే” అంటూ నాలుగు సీట్లు గెలిచిన రోజుల్లో, ఆ గోడ మీద ఏడుగురు వ్యవస్థాపకుల బొమ్మ వేయించారు. పార్టీలోంచి పోయినవాడి బొమ్మ చెరిపెయ్యడం అక్కడి ఆనవాయితీ. ఇప్పుడు గోడ మీద అధ్యక్షుడు, అతని బావమరిది మాత్రమే మిగిలారు.

“మా తమ్ముడేం చేశాడు?” పక్కనే ఉన్న అధ్యక్షుడి భార్య నిలదీసింది.

“ఈ ఎన్నికల్లో మన నోటి దురుసు వల్లే ఓడిపోయామన్నాడు. అందుకే పార్టీలోంచి గెంటేశాను. దేశద్రోహి!”

“మీకోసం జైలుకెళ్ళినప్పుడు దేశభక్తుడేగా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మీరు ఓడిపోయి వాణ్ణి ద్రోహి అంటారా? దేశమంటే మీరొక్కరేనా?”

“నోర్ముయ్!” అని పెయింటర్ వైపు తిరిగాడు. “నువ్వు కానియ్యవయ్యా!”

పెయింటర్ బావమరిది మొహం చెరిపాడు, ఒళ్ళు చెరిపాడు. అధ్యక్షుడి భుజం మీద చెయ్యి ఒకటి మిగిలింది. అక్కడ ఆగిపోయాడు.

“ఆపావేం? అదీ కొట్టెయ్!”

“చెయ్యి చెరిపితే మీ భుజం కూడా పోతుందండీ.”

అధ్యక్షుడు నోరు తెరిచేలోగా ఆమె బ్రష్ లాక్కుంది. చెయ్యి, దాంతోపాటు భుజం, ఆపైన మీసాలతో సహా భర్త మొహం, ఒళ్ళు అన్నీ చెరిపేసింది. గోడంతా తెల్లబడింది.

“ఇదిగో,” అంది బ్రష్ విసిరికొట్టి, “ఇక మీ పార్టీలో ఒక్క ద్రోహి కూడా లేడు.”