హెచ్చరికా, ప్రమాదమా?

గొడవంతా ఒక్క మాట గురించే. డ్రమ్ము మీద ‘హెచ్చరిక’ అని రాయాలా, ‘ప్రమాదం’ అని రాయాలా?

ఇనుప సామాన్లకు పట్టిన గ్రీజు వదిలించే ద్రవం అది. నీళ్లలా తేటగా ఉంటుంది. బాగా మగ్గిన పండు వాసన వేస్తుంది. ఇన్నేళ్లుగా ‘హెచ్చరిక’ అన్న మెత్తని మాటతోనే అమ్ముడుపోతోంది. దాని కింద చిన్న అక్షరాలు: ‘కళ్లలో పడితే కొద్దిగా మంట. నీళ్లతో కడుక్కుంటే చాలు.’

రసాయనాలను పరీక్షించి, ఏది ఎంత ప్రమాదమో తేల్చే ఆఫీసు ఒకటుంది. ఈసారి ఆ ద్రవం అక్కడికి వచ్చింది. పరీక్షల బాధ్యత అక్కడ పనిచేసే ఒకామెది. తోటివాళ్లు చాటుగా ‘నిప్పు మేడమ్’ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా నవ్వి ఊరుకుంటుంది.

డ్రమ్ము మూత తీయగానే మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు అమ్మ బట్టలకు అదే వాసన.

అమ్మ ఆ ద్రవం తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగేది. ఓరోజు మూత ఊడి ద్రవం మొహాన చిమ్మింది. రాసి ఉన్నట్టే నీళ్లతో కడుక్కుంది. సాయంత్రానికి చూపు మసకబారింది. నెల తిరక్కుండా రెండు కళ్లూ పోయాయి. అప్పుడే ఊహ తెలుస్తున్న బిడ్డను చంకనేసుకుని, గోడలు తడుముకుంటూ వెళ్లి ఓనరు ఇంటి గేటు ముందు నిలబడింది.

“ఈవిడెవరో నాకు తెలీదు. మా దగ్గర ఎప్పుడూ పనిచెయ్యలేదు. పంపించెయ్యండి,” అన్నాడు ఓనరు.

చంకలో ఉన్న కూతురు ఆ మాట మర్చిపోలేదు. చదివిందీ, ఈ ఉద్యోగంలో చేరిందీ ఆ కసితోనే.

అలాగని పరీక్షలో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. ఏ మాట రాయాలో ఖాయం చేసే కమిటీ పెద్దాయన దగ్గరికి తనే వెళ్లింది.

“ఈ కంపెనీతో నాకు పాత గొడవ ఉంది సార్. ఇంకో ఊరి ల్యాబులో కూడా చేయించండి.”

“అంతకంటే నిన్నే తప్పిస్తే పోదా?”

“వద్దు సార్. కంపెనీవాళ్లను పిలిచే విచారణ రోజున కుర్చీలో నేనుండాలి. వాళ్లు అభ్యంతరం చెబితే దిగిపోతాను. అప్పుడు ఆ ల్యాబు మాటే ఖాయం చెయ్యండి.”

పెద్దాయన కళ్లజోడు మీంచి ఆమెను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, సరేనన్నాడు.

ఆమె పని మొదలుపెట్టింది. మూతగిన్నెలో ద్రవం పోసి సన్నటి మంట చూపించింది. కాస్త కూడా వేడి చెయ్యకుండానే భగ్గుమంది. కబేళా నుంచి తెచ్చిన పశువు కంటిపొర మీద ద్రవం వేసి చూసింది. అద్దంలాంటి పొర పాలలా తెల్లబడింది. కడిగింది. మళ్లీ కడిగింది. ఆ తెలుపు పోలేదు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

ఇంకో ఊరి ల్యాబులోనూ అచ్చం అలాగే తేలింది. ఆ సంగతి పెద్దాయనకు తెలుసు, ఆమెకు తెలుసు. ఓనరుకు తెలియదు.

విచారణ రోజున అమ్మను కూడా బయల్దేరదీసింది.

“నేనొచ్చి ఏం చూస్తానే?” అంది అమ్మ.

“చూడక్కర్లేదు. ఊరికే కూర్చుని విను.”

అమ్మను హాల్లో కూర్చోబెట్టి బయటికి వచ్చేసరికి వరండాలో ఓనరు ఎదురుపడ్డాడు. తలుపులోంచి అమ్మ నల్లకళ్లద్దాలు కనిపిస్తున్నాయి. ఆయన మొహాన నెత్తురుచుక్క లేదు.

“పగ పట్టావన్నమాట.”

“పరీక్ష చేశాను సార్.”

“ఆ ఒక్క మాట మారితే మా సరుకు కొనే నాథుడుండడు. ఫ్యాక్టరీకి తాళం వేసుకోవాలి. కాస్త చూసీచూడనట్టు పోమ్మా.”

“అభ్యంతరం ఉంటే చెప్పండి. అందరి ముందూ లేచి, కారణంతో సహా చెప్పాలి. మరుక్షణం దిగిపోతాను.”

ఆయన హాల్లోకి నడిచాడు. కారణం చెప్పాలంటే అమ్మ పేరెత్తాలి. అమ్మ పేరెత్తితే ఆ కళ్లు ఎలా పోయాయని అడుగుతారు.

హాల్లో ఓనరుకు అటూ ఇటూ ఆయన భార్య, ఇద్దరు కొడుకులు కూర్చున్నారు. కంపెనీలో ముగ్గురూ భాగస్వాములే. కంపెనీ లాయరు ముందుకు వంగి గుసగుసలాడాడు.

“ఆ పరీక్ష చేసినావిడ మీద ఏదైనా దొరుకుతుందా సార్? ఆవిడ దిగిపోతే పరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి. ఏడాది గడిచిపోతుంది.”

“ఏం లేదు,” అన్నాడు ఓనరు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఆమె లేచి తేలినదంతా చదివింది. ఇట్టే అంటుకుంటుంది. పీలిస్తే తల తిరిగి పడిపోతారు. కంట్లో పడితే చూపు మళ్లీ రాదు.

“కాబట్టి ‘హెచ్చరిక’ కాదు, ‘ప్రమాదం’,” అని కూర్చుంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “పరీక్ష చేసిన మనిషి మీద కంపెనీకి అభ్యంతరం ఏమైనా ఉందా? లేకపోతే ఇదే ఖాయం.”

పక్కగదిలో ఇంకో ఊరి ల్యాబు ఆయన, పిలిస్తే వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు.

“ఉంటే చెప్పమనండి సార్, నేనేం అనుకోను,” అంది ఆమె. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఏదో ఒకటి చెప్పు నాన్నా, నిండా మునిగిపోతాం,” అంటూ పెద్దకొడుకు తండ్రి మోచెయ్యి పట్టి కుదిపాడు.

ఓనరు బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు.

“అభ్యంతరం ఉందండీ,” అన్నాడు, పక్కనున్న భార్య వైపు చూడకుండా, “ఆమె నా కన్నకూతురు.”