పిన్ని ఏం రాసింది?

“ఇదిగో అబ్బాయ్, మీ పిన్ని ఏదో పంపింది. కాస్త చదివిపెట్టు.”

సెలవు రోజు బట్టలుతుక్కుని వచ్చి, తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ బాబాయి ఫోను చాపేవాడు. పై మంచం మీంచి వంగి ఎలక్ట్రీషియన్ అందుకునేవాడు.

దేశం కాని దేశంలో, కంపెనీ ఇచ్చిన ఆ గదిలో ఆరుగురు. ఒకదాని మీద ఒకటిగా మూడు జతల ఇనపమంచాలు, ఒకటే కిటికీ, ఆ కిటికీకి అడ్డంగా ఆరేసిన యూనిఫాంలు. అందరిలోకీ పెద్దవాడు తాపీమేస్త్రి. అందుకే అందరికీ బాబాయి అయ్యాడు. ఎవరి ఊరు వారిదైనా భాష ఒకటే కావడంతో వరస కలిసిపోయింది.

“నాకు అక్షరమ్ముక్క రాదురా. మీ పిన్ని మాత్రం ఏడో తరగతి దాకా చదివింది,” అని వచ్చిన మొదటి వారమే గొప్పగా చెప్పాడు.

“మరి ఫోన్ చెయ్యదేం బాబాయ్?”

“చేస్తే ఏడుస్తుంది. అది ఏడిస్తే నేను పనికి పోలేను.”

మొదట్లో ఎలక్ట్రీషియన్ ఉన్నదున్నట్టే చదివేవాడు. వేళకు తింటున్నావా. వంటింటి రేకు కారుతుంటే మనిషిని పిలిచి మార్పించాను. ఎండలో తలకు గుడ్డ చుట్టుకో. బాబాయి కళ్లు మూసుకుని వినేవాడు. మధ్యలో ఎవరైనా దగ్గితే, “ఆ ముక్క మళ్లీ చదువు,” అనేవాడు.

ఒకసారి ఏం బుద్ధి పుట్టిందో, ఎలక్ట్రీషియన్ చివర్లో ఒక మాట సొంతంగా తగిలించాడు. “నీ గురక లేక ఇంట్లో హాయిగా నిద్ర పడుతోంది.”

గది గొల్లుమంది. వెల్డరు నవ్వి నవ్వి మంచం మీంచి పడబోయాడు. బాబాయి కళ్లు తెరిచి, ఎలక్ట్రీషియన్ వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత తనూ నవ్వాడు.

“దానికి నోరెక్కువరా,” అన్నాడు.

అక్కణ్ణించి అది అలవాటైంది. సెలవు రోజు వస్తే చాలు, అందరూ చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్లు. ‘పక్కింటాయన నీకంటే బాగా గోడ కట్టాడు.’ ‘నీ ఫొటో చూసి కుక్క మొరిగింది.’ పిన్ని పేరు చెప్పి ఎలక్ట్రీషియన్ నోటికొచ్చింది అల్లేవాడు. బాబాయి ఏ రోజూ కోప్పడలేదు. నవ్వులు ఆగాక ఫోను జేబులో వేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

ఒక వారం ఎలక్ట్రీషియన్‌కు ఏదీ కలిసిరాలేదు. వైరు తప్పు కలిపాడని ఫోర్‌మన్ అందరి ముందూ నిలబెట్టి తిట్టాడు. భాష అర్థం కాలేదు గానీ తిట్టు అర్థమైంది. ఇంటికి ఫోన్ చేస్తే, “పనిలో ఉన్నా, తర్వాత చెయ్యి,” అని భార్య పెట్టేసింది. తర్వాత చేస్తే ఎత్తనే లేదు.

సెలవు రోజు బాబాయి ఫోను చాపాడు. ఈసారి మెసేజీ పెద్దది.

‘మోకాలికి గోరువెచ్చటి నీళ్లతో కాపడం పెట్టుకో. దానిమ్మ చెట్టు కాసింది. మొదటి కాయ నువ్వొచ్చాకే కోస్తాను. నువ్వు లేని ఇల్లు ఇల్లులా లేదు.’

ఎలక్ట్రీషియన్ మనసులోనే చదువుకున్నాడు. ఈ ముసలాయనకా ఇంత ప్రేమ!

“ఏం రాసిందిరా?”

“నువ్వు రాకపోయినా ఫర్వాలేదంది. నీ అవసరం ఎవరికీ లేదంది.”

ఎవరూ నవ్వలేదు. వెల్డరు తల దించుకుని గోళ్లు చూసుకున్నాడు.

“అంతేనా?” అన్నాడు బాబాయి మెల్లగా. “ఇంకేం రాయలేదా? సరిగ్గా చూడు నాయనా.”

చెప్పేయడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఎలక్ట్రీషియన్ నోరు తెరిచాడు. గదిలో అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి.

“అంతే బాబాయ్.”

“సరేలే. ఉన్నమాటే అంది.”

ఆ పూట ఎలక్ట్రీషియన్ తిండి సగంలోనే వదిలేసి లేచాడు. వచ్చే వారం రెండు మెసేజీలూ కలిపి సరిగ్గా చదివేద్దామనుకున్నాడు. కానీ వచ్చే వారం మెసేజీ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బాబాయి బట్టలుతుక్కుని వచ్చి, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

“పిన్ని ఏం పంపలేదా బాబాయ్?”

“లేదురా. రాయడానికి ఏముంటుంది?”

తను చెప్పింది నమ్మి బాబాయి ఇంటికి ఎవరిచేతనో ఘాటుగా నాలుగు మాటలు రాయించి ఉంటాడు. అందుకే ఆవిడ మూగనోము పట్టింది. మొగుడూ పెళ్లాల మధ్య అగ్గి పెట్టింది తనే. ఆ ఆలోచన వచ్చింది మొదలు ఎలక్ట్రీషియన్‌కు తల ఎత్తుకోవడం కష్టమైంది. పనిచేసేచోట బాబాయి ఎదురొస్తే వేరే మెట్లు వెతుక్కుని దిగిపోయేవాడు. ఒకసారి బాబాయే పిలిచి, “ఒంట్లో బాగాలేదా? మొహం అలా పీక్కుపోయిందేం?” అని నుదురు ముట్టుకుని చూశాడు. అప్పుడు చచ్చిపోవాలనిపించింది.

బాబాయికి చెప్పే ధైర్యం చాలలేదు. పిన్నికైతే చెప్పొచ్చు. ఆవిడ మొహం చూడక్కర్లేదు.

ఆ తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. బాబాయి స్నానానికి వరసలో నిలబడ్డాడు. ఆయన ఫోను ఛార్జింగులో ఉంది. ఎలక్ట్రీషియన్ దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, మెసేజీలు వచ్చిన నంబరు తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. రాసి చెరిపాడు. మళ్లీ రాసి చెరిపాడు. మూడోసారికి కుదిరింది.

‘పిన్నీ, తప్పు నాది. మీరు ప్రేమగా రాసినవన్నీ మార్చి చదివింది నేనే. బాబాయికి ఏ పాపం తెలియదు. ఆయనకు మళ్లీ రాయండి.’

పంపాడో లేదో, బాబాయి తలగడ కింద ఏదో టింగుమంది; ఎత్తి చూస్తే, అక్కడ దాచి ఉన్న చిన్న పాత ఫోను తెర మీద ‘పిన్నీ, తప్పు నాది’ అని ఉంది.