గుమ్మంలో పీచుపట్టా

మళ్ళీ పడ్డాయి.

సర్వేశ్వరరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. డిపో తెల్లటి గచ్చు మీద ఎర్రబురద పాదాలు. అరచేతిలో ఇమిడిపోయేంత పసి పాదాలు. తలుపు దగ్గర మొదలై బియ్యం బస్తాల దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాయి. వెనక్కి వచ్చిన జాడ లేదు.

"యర్రమ్మా!"

చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది యర్రమ్మ. తెల్లారి డిపో తలుపులు తీసేదీ, ఊడ్చేదీ ఆమే. సాలూరు నుంచి మొగుడి వెంట కొండెక్కి వచ్చిన మనిషి. మొగుడు రోడ్డుపనులు వెతుక్కుంటూ ఎటో పోయాడు. ఆమెకి డిపో మిగిలింది.

"నీ గుంటని లోపలికి రానివ్వొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"సెప్తాను బాబూ. ఇంక రాదు."

సర్వేశ్వరరావు బదిలీ మీద వచ్చి నెల తిరగని మేనేజరు. ఆ పిల్లని ఇంతవరకూ చూడలేదు. డిపో వెనక తాడు మీద ఆరే చిన్న గౌను మాత్రం చూశాడు. అరకు చలి గురించి చెప్పినవాళ్ళున్నారు గానీ, అరకు బురద గురించి ఆయనకెవరూ చెప్పలేదు. సంతరోజున కొండలన్నీ దిగొచ్చి డిపోలో నిలబడ్డట్టుండేది. ఉప్పూ, కిరసనాయిలూ, బట్టలూ అన్నీ అమ్మేది అక్కడే మరి. ఇంతలో పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టాలు కావాలని విశాఖపట్నం రాశాడు మేనేజరు.

పట్టాల కంపెనీ ఏజెంటు సింహాచలం మూడు రకాలు రైల్లో వేసుకొచ్చి పరిచాడు. రబ్బరుది ఒకటి, ఇనప జల్లెడలాంటిది ఒకటి, కొబ్బరిపీచుది ఒకటి.

"ఏది మంచిదంటావు? తుడిచేదానివి నువ్వేగా," అన్నాడు మేనేజరు.

యర్రమ్మ మూడింటి మీదా అరచెయ్యి వేసి చూసింది.

"రబ్బరుది తడికి జారిపోతాది బాబూ. ఇనపదాని సందుల్లో పసికాలు ఇరుక్కుంటాది. పీచుదే. మెత్తగుంది."

"పిల్లకి పరుపు కొంటన్నావేటమ్మా?" నవ్వాడు సింహాచలం. "ఇది బురద తుడవడానికి."

ఆమె నవ్వలేదు. "నిరుడే ఏసుంటే బాగుణ్ణు," అంది.

సంతరోజు పీచుపట్టా పరిచారు. ఒక్కరూ దాని మీద కాలు పెడితే ఒట్టు! ఎవరో పెద్దమనిషి కూర్చోడానికి వేశారనుకున్నారు కొండవాళ్ళు. మర్యాదగా, ఒకరి వెనక ఒకరు, దాన్ని దాటి గెంతారు. కాళ్ళ బురదంతా గచ్చు మీద దింపారు. ఒక ముసలాయనైతే దాన్ని చుట్ట చుట్టి, దులిపి, భద్రంగా బల్ల మీద పెట్టాడు.

సింహాచలం తల పట్టుకున్నాడు. "గెంతినా దాటలేనంత పొడుగుండాలి బాబూ. బయట ఇనపది, లోపల పీచుది. బయటిదాని మీద బురద రాలాలి, లోపలిదాని మీద తడి ఆరాలి."

మర్నాడు పొద్దున్న మళ్ళీ పాదాలు. ఈసారి మేనేజరు వంగి చూశాడు.

అన్నీ కుడి పాదాలే.

వాచ్‌మన్ సోంబరు కూడా చూశాడు. ఆ కొండ మీదే పుట్టి పెరిగిన మనిషి. "బాబూ, ఆ గుంట..." అని నసిగాడు.

"మావా, నువ్వూరుకో!" అంది యర్రమ్మ. మేనేజరు వైపు తిరిగింది. "ఒంటికాలి మీద గెంతుతాది బాబూ. తొక్కుడుబిళ్ళంటే పేణం దానికి."

మేనేజరు హమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది.

"రేపే ఆఫీసరు వచ్చేది. ఒక్క పాదం కనబడిందా, నువ్వింక కొండ దిగిపోవచ్చు."

యర్రమ్మ చేతులు జోడించింది. "అంత మాటనకు బాబూ. నానిక్కడ లేకపోతే అది నన్నెక్కడని ఎతుక్కుంటాది?"

సోంబరు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పూటే సింహాచలం రైల్లో తెప్పించిన కొత్త పట్టాలు బిగించారు. బయట ఇనపది, లోపల పొడుగాటి పీచుది. గెంతబోయిన వాళ్ళు కూడా తొక్కక తప్పలేదు. దీపాలు పెట్టే వేళకి గచ్చు అద్దంలా మెరిసిపోతోంది. మేనేజరు తనే బురదలోకి దిగి, పట్టాల మీద నడిచొచ్చి, వెనక్కి తిరిగి చూసుకుని మురిసిపోయాడు.

తెల్లవారింది. వాన ఆగలేదు. డిపో వెనక గెడ్డ పొంగి పారుతూ హోరెత్తుతోంది. యర్రమ్మ తలుపులు తీసింది.

గచ్చు మీద ఒక్క మచ్చ లేదు.

దూరంగా ఘాట్‌రోడ్డు మీద ఆఫీసరు జీపు మూలుగుతూ ఎక్కుతోంది. ఆమెకి వినబడింది. అయినా కదల్లేదు. పట్టా పక్కన కూలబడి, పీచుని మెల్లగా నిమిరింది.

"నూకాలూ, రాయే. మెత్తటిది ఏసీసినారు, సూడు. ఇంక కాళ్ళు కడుక్కోనక్కర్లేదు."

నిరుడు ఇలాంటి వానలోనే, బురదకాళ్ళు కడుక్కుని రమ్మని తాను గెడ్డకి పంపిన కూతురు తిరిగి రాని నాటినుంచీ చేస్తున్నట్టే, యర్రమ్మ ఎడమచేతిని చంకన బిడ్డ ఉన్నట్టు వంచి పట్టుకుని, కుడిచేతి పిడికిలిని ఎర్రబురదలో ముంచి, కృష్ణాష్టమికి గుమ్మంలో వేసే చిన్నికృష్ణుడి పాదంలా గచ్చు మీద కుడి పాదం ఒకటి అద్ది, వేలికొనతో అయిదు వేళ్ళూ దిద్దింది.