ఎర్ర సున్నాలు

“ఇక్కడ ఒక్క గీతే ఉంది. రెండుండాలి,” అన్నాడు గైడు, థీసిస్‌లో పేజీ నంబర్ల మధ్య ఎర్ర సున్నా చుడుతూ.

మిరపకాయ పళ్ళు నూరుకుంది. ల్యాబులో ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు.

“సార్, అది చివర్న ఉండే పుస్తకాల జాబితా. అక్కడ గీత ఎవరు చూస్తారు?”

“నేను చూశానుగా. ఈ లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో గీత రెండుసార్లు కొడితేనే సరైన పొడుగు వస్తుంది. ‘పటం’ అన్న మాట తర్వాత మామూలు ఖాళీ వదలకు, అలలా వంకర తిరిగిన గుర్తు పెట్టు. లేకపోతే పటం ఒక లైన్లో, దాని నంబరు ఇంకో లైన్లో పడతాయి. మార్చి తీసుకురా.”

“మూడో అధ్యాయం చూశారా సార్?”

“చూశాను. పట్టికలో ఆ నిలువు గీతలెందుకు? తీసెయ్యి.”

నాలుగేళ్ళ కష్టమంతా ఆ మూడో అధ్యాయంలోనే ఉంది. శాఖాధ్యక్షుణ్ణి అక్కడ అందరూ పెద్దాయన అంటారు. ఆయనకు పేరు తెచ్చిన సూత్రం ఎక్కడ చెల్లదో లెక్కకట్టి మరీ చూపించింది ఆమె. ఈ గైడు మహానుభావుడికి అందులో నిలువు గీతలు కనిపించాయి! రెండు నెలలుగా ఇదే వరస. ఒకసారి అంచులు, ఒకసారి అక్షరాల సైజు, ఒకసారి చుక్క తర్వాత ఖాళీ. విషయం గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడడు. కాగితాలు విసురుగా తీసుకుని బయటికొచ్చేసింది.

“ఈసారేంటి?” అన్నాడు ల్యాబులో సీనియర్, కుర్చీ ఇటు తిప్పి.

“గీతలన్నా, గీతలు! ఆయనకి థీసిస్ అక్కర్లేదు, డ్రాయింగు పుస్తకం కావాలి.”

“ఆయన పేపర్లన్నీ లేటెక్‌లో పెట్టేది నువ్వేగా? ఉచితంగా చేసిపెట్టే మనిషి దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు?”

ఆ మాటతో మిరపకాయ అగ్గిమీద గుగ్గిలమైంది. నిజమే మరి! ఆమె వెళ్ళిపోతే ఆయన సమీకరణాలు ఎవరు కొట్టిపెడతారు?

“నీదైనా తెమిలిందా అన్నా?”

“ఎక్కడ? పెద్దాయన పంపితేనే కదా పరీక్షకుల దగ్గరికి వెళ్ళేది. ఆయన పాత వ్యాసంలో చిన్న తప్పు పట్టానని ఏడాదిగా టేబుల్ మీద అలాగే ఉంచాడు. నా గోల సరే, నీ ఫైలు చూపించు.”

సీనియర్ తెరమీద వేలు పెట్టాడు. “ఇదిగో, ఓవర్‌ఫుల్ అని హెచ్చరిక వచ్చిందంటే అక్కడ లైను అంచు దాటిందని. పటానికి లేబుల్ ఎప్పుడూ క్యాప్షన్ తర్వాతే పెట్టు, ముందు పెడితే నంబరు తప్పు పడుతుంది. ఏది మార్చినా రెండుసార్లు కంపైల్ చేసి పేజీలు తయారుచెయ్యి. మొదటిసారి నంబర్లు రాసుకుంటుంది, రెండోసారి తెచ్చి పెడుతుంది. ఒక్కసారితో ఆపేశావనుకో, నంబరుండాల్సిన చోట ప్రశ్నార్థకాలు పళ్ళికిలిస్తాయి.”

అవన్నీ సరిచేసుకుని, చేతిలో ఉద్యోగం ఉత్తరంతో మళ్ళీ గైడు గదికి వెళ్ళింది.

“సార్, లెక్చరర్ పోస్టు వచ్చింది. థీసిస్ ఇచ్చినట్టు రసీదు చూపించాలి.”

“ఎప్పటిలోగా?”

“వచ్చే నెల అయిదులోగా.”

గైడు గోడమీద క్యాలెండర్ వంక చూశాడు. “సరిపోతుందిలే. ఈ శీర్షికలు మరీ లావుగా ఉన్నాయి, మార్చుకురా.”

సరిపోతుందట! నాలుగేళ్ళుగా అక్కాబావల ఇంట్లో, పిల్లల స్కూలు సంచుల పక్కన పరుపు వేసుకుని పడుకునేది ఆయన కాదుగా. బావ ఏమీ అనడు, అదే మరీ నరకం. ఈ ఉద్యోగం పోతే ఇంకో ఏడాది ఆ పరుపే గతి. గైడు పీక పిసికెయ్యాలనిపించింది. శీర్షికలు మార్చడానికి ఇంటికెళ్ళి, ఎవరి ఫోనూ ఎత్తకుండా తలుపేసుకుంది.

ఒకటో తారీఖు పొద్దున గైడే ఫోన్ చేశాడు. నాలుగోసారికి ఎత్తింది.

“ఎలా ఉంటే అలా ప్రింటు తీసుకుని వచ్చెయ్యి.”

చేస్తున్న మార్పు సగంలో ఆపి, ఒక్కసారి కంపైల్ చేసి, ప్రింటు తీసుకుని పరుగెత్తింది. వరండా నిండా మడతపెట్టిన కుర్చీలు, నిన్నటి సభ తాలూకు వాడిన పూలు. అడ్డమొచ్చిన కుర్చీని కాలితో తోసేసింది. సీనియర్ ఈల వేసుకుంటూ ఎదురొచ్చాడు. ఆ సంబరం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

గైడు లోపలి పేజీలు తిప్పలేదు. ఎర్రపెన్ను ముట్టుకోలేదు. నీలం పెన్నుతో ముందు పేజీల మీద సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. మిరపకాయ మూడో అధ్యాయం తెరిచి చూసింది. పెద్దాయన సూత్రం చెల్లదని తేల్చే వాక్యంలో, సమీకరణం నంబరుండాల్సిన చోట రెండు ప్రశ్నార్థకాలు!

“సార్, ఆగండి! తప్పుంది.”

“పర్లేదు.”

“పర్లేదా?” ఆమె గొంతు వరండా దాకా వినిపించింది. “గీతకీ చుక్కకీ రెండు నెలలు కాళ్ళరిగేలా తిప్పారు! ఇవాళ ఏకంగా నంబరే ఎగిరిపోతే పర్లేదా? అసలు ఒక్క పేజీ అయినా చదివారా మీరు?”

గైడు ఆ పేజీ తనవైపు తిప్పుకున్నాడు. ప్రశ్నార్థకాలు కొట్టేసి, ఎక్కడా వెతక్కుండా పైన 3.17 అని రాశాడు.

నంబరు సరైనదే.

“ఎప్పుడు చదివారు?”

“ఇచ్చిన వారంలోనే. రెండుసార్లు. ఎక్కడా తప్పు లేదు.”

“మరి ఆ సున్నాలన్నీ ఎందుకు చుట్టారు?” అంది. కోపం ఇంకా దిగలేదు.

గైడు పెన్నుకు మూత పెట్టాడు. బయట కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వైపు తల తిప్పాడు.

“పెద్దాయన నిన్ననే రిటైరయ్యారమ్మా.”