సగం మాత్ర

గాయత్రి నోరు తెరవలేకపోతోంది. పెదవుల లోపలంతా పుండ్లు, మెడ మీదా చేతుల మీదా ఎర్రటి దద్దుర్లు. గూడెం కొత్తవీధి ఆస్పత్రికి కొత్తగా బదిలీ అయి వచ్చిన నర్సు సరళ టార్చి వేసి చూసి, మందులు సరిగ్గా వేసుకుంటోందా అని అడిగింది. తల్లి నాగలక్ష్మి తల దించుకుంది. పూటకు సగం మాత్రే ఇస్తున్నానంది.

నాగలక్ష్మికి బజారులో కిరాణా కొట్టుంది. కూతురికి రక్త క్యాన్సర్ వస్తే విశాఖలో ఎముక మూలుగ మార్చారు. మూలుగ ఇచ్చింది గాయత్రి తమ్ముడు తేజ, లంబసింగికి టూరిస్టుల జీపు తోలే కుర్రాడు. సూదంటేనే భయపడేవాడు అక్క కోసం వెళ్ళి ఆస్పత్రి మంచమెక్కి పడుకున్నాడు. క్యాన్సర్ పోయింది. కానీ తమ్ముడి కణాలు అక్క ఒంటిని పరాయిదనుకుని దాడికి దిగాయి. వాటిని అదుపులో పెట్టడానికే ఈ మాత్రలు.

సరళ విశాఖ డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే పూర్తి మోతాదు వేసి, రేపు తీసుకురమ్మన్నాడాయన. ఆలస్యమైతే కాలేయం చెడుతుందన్నాడు.

సరళకు కోపం ఆగలేదు. కన్నకూతురికి ఇలా ఎందుకు చేశారని అడిగేసింది.

“ఆ మాత్ర తేజ కణాల్ని అణిసేత్తదంట కదమ్మా,” అంది నాగలక్ష్మి. “నా సేత్తో ఎలాగెయ్యను?”

కూతురు కళ్ళెదుటే నీరసించిపోతుంటే ఈవిడకు కొడుకు ధ్యాసేమిటో సరళకు అర్థం కాలేదు. అయినా ఓపిగ్గా చెప్పింది. దాడి చెయ్యమనే కబురు కణంలో ఒక ఎంజైము ద్వారా నడుస్తుంది. మాత్ర ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. కణాలు శాంతిస్తాయి, అంతే.

“సావవా?”

“చావవు. మీ అమ్మాయి ఒంట్లోనే ఉంటాయి.”

నాగలక్ష్మి మాత్ర మొత్తం కూతురి నాలుక మీద పెట్టి, మెల్లగా నీళ్ళు పట్టింది. అమ్మనేమీ అనొద్దని, సగానికి తనే ఒప్పుకున్నానని గాయత్రి ముద్దముద్దగా చెప్పింది. తల్లీకూతుళ్ళు చప్పుడు లేకుండా ఏడుస్తున్నారు.

సరళ మెత్తబడింది. ఇంత దిగులెందుకని, అవసరమైతే అబ్బాయి దగ్గర మళ్ళీ కణాలు తీసుకుంటారని, రేపు అతన్నీ విశాఖ రమ్మనమని చెప్పింది.

నాగలక్ష్మి కూతురి మణికట్టు మీద, నాడి కొట్టుకునే చోట వేళ్ళు ఆనించింది.

“ఆడింక బతికున్నది ఈ రగతంలోనే తల్లీ.”