నీళ్ళు పడని మాలు

నాంపల్లి ఆఫీసు నుంచి వచ్చి కోదండరామయ్య ఆబిడ్స్ సందులోని మేడ ఎక్కేసరికి, గుమ్మం ముందు గుంత మళ్ళీ పూడ్చి ఉంది. చేతిసంచి గోడకేసి కొట్టాడు.

“నేను లేనప్పుడే ఎందుకు చేస్తావయ్యా?”

మేస్త్రీ బిచ్చయ్య తాపీ తుడుచుకుంటూ నవ్వాడు. “మీరుంటే పని కానిస్తరా సారూ? పోయిన వారం పోసింది నీళ్ళతోని కరాబు జేసిన్రు. గిది సిమెంటు కాదు. సిమెంటుకు పర్మిటే దొరుకుతలేదు. బొగ్గు బూడిదల కాస్టిక్ సోడా కలిపిన మాలు. ఇంటి మాలిక్ అల్లుడు ఇంజినీరు గదా, కలిపిచ్చిండు. కాంక్రీటును పట్టిందంటే ఇగ విడువది. ఉలి పెట్టి కొడితే కిందిది గూడ ఊడొస్తది.”

“మరి తడపడం?”

“చుక్క పడొద్దు. దీనికి వేడి కావాలె.”

మాలు మీద రేకు కప్పి, రేకు మీద నిప్పుల కుంపటి పెట్టి వెళ్ళిపోయాడు.

కోదండరామయ్యకు ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న పుట్టిన మాలు తనకు నేర్పుతుందా? ఈ వసారా పోసిన వేసవిలో బిందెలతో తడిపింది తనే. చొక్కా అయినా విప్పకుండా కుంపటి పక్కకు లాగాడు. రేకు తీసి బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. తెల్లవారి లేచి మళ్ళీ కుమ్మరించాడు.

ఇంటాయన వామన్‌రావు వచ్చి వేలు పెట్టి చూశాడు. బురద అంటుకుంది.

“ఏంది రామయ్యగారూ! కృష్ణ ఒడ్డున పుడితే కనబడ్డకాడల్లా నీళ్ళు పొయ్యాల్నా? మా అల్లుని ఇజ్జత్ తీసిన్రు.”

“కాంక్రీటన్నాక తడపొద్దా అండీ? మా ఊళ్ళో అంతే.”

“ఔ, మీ ఊరి బడిల గిదే నేర్పిన్రు! ఒంటిగ ఉండి దిమాక్ కరాబైంది మీకు. నాతోని గాదు. గా గుంత గట్లనే ఉండనీ. కాలు మెలికపడితె నన్నడగొద్దు.”

కోదండరామయ్య మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత గొంతుక్కూర్చుని, కొబ్బరిచిప్పతో బురదంతా తోడేశాడు. సోడాకు వేళ్ళు భగ్గుమన్నాయి. అయినా ఆపలేదు. చెంబుతో నీళ్ళు పోసి అరచేత్తో కడిగాడు.

వసారా పోసిన రోజు, ఆరని కాంక్రీటు మీద అడుగేసి తన చేత నానా తిట్లూ తిన్న భార్య వరలక్ష్మి కుడిపాదం, పోయిన మనిషి మిగిల్చిన ఒకే ఒక్క గుర్తు, అయిదు వేళ్ళతో సహా బయటపడింది.